ఇంట గెలిచినవాడు రచ్చ ఎందుకు గెలవలేదు?

గెయిన్స్‌విల్‌లో ఎంఎస్ చేస్తున్న మా సీనియర్ అన్న పోయిన నెల ఒక ఫొటో పంపాడు. ఫ్లోరిడా యూనివర్సిటీ ఫుట్‌బాల్ స్టేడియం బయట మూడు నిలువెత్తు కంచు విగ్రహాలు. "ఎవరన్నా వీళ్లు, మంత్రులా?" అని అడిగా. "కాదురా, ఇక్కడ చదువుకున్న స్టూడెంట్సే" అన్నాడు.

ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లు. ముగ్గురూ కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాళ్లు. స్టీవ్ స్పరియర్ 1966లో, డానీ వుర్ఫెల్ 1996లో, టిమ్ టీబో 2007లో. ఆ మూడో విగ్రహం 2011 ఏప్రిల్‌లో పెట్టారట. అప్పటికి టీబో వయసు 23 ఏళ్లు. మనలో చాలామంది ఆ వయసుకి మొదటి ఉద్యోగంలో ఐడీ కార్డు వేసుకుని క్యాబ్ కోసం నిలబడి ఉంటాం.

అంత గొప్పవాడు తర్వాత ప్రొఫెషనల్ లీగ్‌లో ఎన్నేళ్లు ఆడాడో చూద్దామని వెతికాను. మూడు సీజన్లు. 35 మ్యాచ్‌లు. అంతే.

'ఇంట గెలిచి రచ్చ గెలువు' అంటారు కదా. ఇంట ఇంత ఘనంగా గెలిచినవాడు రచ్చలో ఎందుకు నిలవలేకపోయాడు? ఈ ప్రశ్న పట్టుకోవడంలో నా స్వార్థం కూడా ఉంది, అది చివర్లో చెప్తా. ముందు విషయంలోకి వెళ్దాం.

ఆట గురించి నాలుగు ముక్కలు

అమెరికన్ ఫుట్‌బాల్ తెలియనివాళ్ల కోసం. జట్టుకి 11 మంది. బంతి చేతిలో ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిలో కనీసం పది గజాలు ముందుకి వెళ్లాలి. వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. అలా ఎదుటివాళ్ల చివరి గీత దాటితే టచ్‌డౌన్. ప్రతి ప్రయత్నం మొదట్లోనే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. దాన్ని పక్కవాడికి అందించాలా, దూరంగా ఉన్నవాడికి విసరాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చాలి. ఈలోగా వంద కిలోలు దాటిన మనుషులు అతన్ని పడగొట్టడానికి దూసుకొస్తుంటారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన క్రికెటర్లు అకాడమీల నుంచి, రాష్ట్ర జట్ల నుంచి వస్తారు, కాలేజీతో పెద్దగా పని లేదు. అక్కడ అలా కాదు. హైస్కూల్ అయ్యాక మూడేళ్లు గడిస్తే తప్ప ఎన్‌ఎఫ్‌ఎల్ ఎవర్నీ తీసుకోదు. ఆ మూడు నాలుగేళ్లు ఆడేది కాలేజీకే. అంటే అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ ఒక పెద్ద క్యాంపస్ ప్లేస్‌మెంట్ లాంటిది. ఆ ప్లేస్‌మెంట్‌లో క్వార్టర్‌బ్యాక్ పోస్టులు ఎన్ని? ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నవి 32 జట్లు. మొదటి స్థానంలో ఆడే క్వార్టర్‌బ్యాక్‌లు 32 మంది. వాటిల్లోనూ ఏటా ఖాళీ అయ్యేవి కొన్నే.

కాలేజీలో ఏం చేశాడు

టీబో 1987లో ఫిలిప్పీన్స్‌లో పుట్టాడు, పెరిగింది ఫ్లోరిడాలో. ఇంట్లోనే చదువుకుంటూ దగ్గర్లోని హైస్కూల్ జట్టుకి ఆడాడు. 2006లో ఫ్లోరిడా యూనివర్సిటీలో చేరాడు. మొదటి ఏడాది వేరే క్వార్టర్‌బ్యాక్‌కి బ్యాకప్. అయినా ఆ ఏడు జట్టు జాతీయ చాంపియన్ అయింది.

2007లో పగ్గాలు అతని చేతికొచ్చాయి. ఆ సీజన్‌లో విసిరి 32 టచ్‌డౌన్లు, పరిగెత్తి 23 టచ్‌డౌన్లు సాధించాడు. రెండు రకాల్లోనూ ఒకే సీజన్‌లో 20 దాటడం పై స్థాయి కాలేజీ ఫుట్‌బాల్‌లో అదే మొదటిసారి. రెండో ఏడాది విద్యార్థి హైస్‌మన్ గెలవడమూ అదే మొదటిసారి.

2008 సెప్టెంబర్ 27న సొంత మైదానంలో మిసిసిపీ యూనివర్సిటీ చేతిలో ఫ్లోరిడా 30-31తో ఓడింది. ఆఖర్లో ఒక్క గజం కావాల్సి వచ్చినప్పుడు బంతి పట్టుకుని వెళ్లింది టీబోనే. అక్కడే ఆపేశారు. మ్యాచ్ తర్వాత మీడియా ముందుకొచ్చి, కళ్లలో నీళ్లు ఆపుకుంటూ, ఈ సీజన్‌లో ఇక మీదట నాకంటే కష్టపడి ఆడేవాణ్ణి దేశంలో ఎవరూ చూడరు అని మాట ఇచ్చాడు. ఆ తర్వాత ఫ్లోరిడా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. 2009 జనవరిలో ఓక్లహోమాని 24-14తో ఓడించి మళ్లీ జాతీయ చాంపియన్ అయింది. ఆ మాటల్ని లోహపు ఫలకం మీద చెక్కించి స్టేడియం దగ్గర పెట్టారు. అన్న దాని ఫొటో కూడా పంపాడు.

మొత్తమ్మీద మొదటి క్వార్టర్‌బ్యాక్‌గా టీబో లెక్క: 35 గెలుపులు, 6 ఓటములు. విసిరిన ప్రతి మూడు బంతుల్లో దాదాపు రెండు సహచరుడి చేతికి చేరేవి. ఈ రెండో లెక్క గుర్తుపెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

ఆ సిస్టమ్ ఎలా పనిచేసేది

కోచ్ అర్బన్ మేయర్ ఫ్లోరిడాలో ఆడించినదాన్ని స్ప్రెడ్ ఆప్షన్ అంటారు. ఆటగాళ్లని మైదానం అడ్డంగా వెడల్పుగా పరిచేస్తారు. ఎదుటి జట్టూ అలాగే పరుచుకోక తప్పదు. దాంతో మధ్యలో ఖాళీలు పడతాయి.

ఇందులో గుండెకాయ రీడ్ ఆప్షన్. మనకి సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే అది అచ్చంగా ఇఫ్-ఎల్స్. ఎదుటి జట్టులో చివర నిలబడ్డ ఒక డిఫెండర్‌ని కావాలనే ఎవరూ అడ్డుకోకుండా వదిలేస్తారు. క్వార్టర్‌బ్యాక్ బంతిని పక్కన ఉన్న రన్నర్ పొట్ట దగ్గర పెట్టి ఆ డిఫెండర్‌నే చూస్తుంటాడు. వాడు రన్నర్ మీదకి వెళ్తే బంతి వెనక్కి లాక్కుని తనే పరిగెత్తుతాడు. వాడు కదలకుండా నిలబడితే బంతి రన్నర్‌కి వదిలేస్తాడు. ఏది జరిగినా ఆ డిఫెండర్ తప్పు వైపే ఉంటాడు. క్వార్టర్‌బ్యాక్ చదవాల్సింది ఒక్క మనిషిని.

టీబో ఆరడుగుల మూడంగుళాల మనిషి, బరువు 105 కిలోలకి పైనే. ఒక్కడు పట్టుకుంటే పడడు. ఈ సిస్టమ్‌కి అతన్ని కొలతలు తీసుకుని కుట్టించినట్టుండేది.

దీనికి మైదానం గీతలు కూడా సాయం చేస్తాయని చదివినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయా. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు. ప్రతి ప్రయత్నమూ హ్యాష్ మార్కులనే రెండు గుర్తుల వరసల మధ్యనుంచే మొదలవ్వాలి. కాలేజీ మైదానంలో ఆ వరసల మధ్య దూరం 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలు. లెక్క వేయండి. కాలేజీలో బంతి ఒక గుర్తు దగ్గర ఉంటే ఒక పక్క 60 అడుగులు, ఇంకో పక్క 100 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక పక్క సుమారు 71, ఇంకో పక్క 89. అంటే కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌కి పరిగెత్తడానికి ఒకవైపు 11 అడుగుల చోటు ఎక్కువ దొరుకుతుంది. ఆట పేరు ఒకటే. బౌండరీ కండిషన్స్ వేరు.

పైమెట్టు మీద సమస్యే మారిపోయింది

2010 డ్రాఫ్ట్‌లో డెన్వర్ బ్రాంకోస్ జట్టు టీబోని 25వ ఆటగాడిగా ఎంచుకుంది. అప్పటికే అనుమానాలు గట్టిగానే ఉన్నాయి. ముఖ్యంగా మూడు.

మొదటిది, విసిరే తీరు. టీబో ఎడమచేతివాటం. విసిరేముందు బంతిని నడుము దాకా దించి, పెద్ద వలయం తిప్పి పైకి తెచ్చేవాడు. దానివల్ల నష్టం ఎంత? ఉదాహరణకి ఆ వలయానికి 0.2 సెకన్లు ఎక్కువ పట్టిందనుకుందాం. సెకనుకి 8 మీటర్ల వేగంతో వచ్చే డిఫెండర్ ఆ సమయంలో 1.6 మీటర్లు జరుగుతాడు. చెయ్యి చాపితే బంతి అందే దూరం అది. కాలేజీలో సహచరుడి చుట్టూ ఉండే ఖాళీలో ఈ తేడా కలిసిపోయేది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ ఖాళీ అంత ఉండదు. డ్రాఫ్ట్‌కి ముందు కోచ్‌లని పెట్టుకుని కొన్ని నెలలు ఆ వలయం తగ్గించడానికి తంటాలు పడ్డాడు. ప్రాక్టీసులో తగ్గింది. మ్యాచ్‌లో ఒత్తిడి పెరగ్గానే చెయ్యి పాత దారే పట్టేది.

రెండోది, నిలబడే చోటు. కాలేజీలో అతను నాలుగైదు గజాలు వెనక నిలబడి బంతి అందుకునేవాడు. అక్కణ్ణుంచి మైదానం మొత్తం కనిపిస్తుంది. ప్రొఫెషనల్ జట్లు అప్పట్లో బంతి ఇచ్చేవాడి వెనకే ఆనుకుని నిలబడి, అందుకుని, లెక్కపెట్టిన అడుగులు వెనక్కి వేస్తూ ఎదుటి జట్టుని చదవాలని కోరేవి. ఆ అడుగులు అతను కొత్తగా నేర్చుకోవాలి.

మూడోది, చదవాల్సిన మనుషుల సంఖ్య. రీడ్ ఆప్షన్‌లో చూడాల్సింది ఒక్కణ్ణి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఎదుటి 11 మంది ఏ అమరికలో ఉన్నారో చూసి, అది నిజమా నటనా అని తేల్చి, ఒకరి తర్వాత ఒకరుగా సహచరులని వెతికి, వాడు ఖాళీ అయ్యాక కాకుండా ఖాళీ అవ్వబోయే చోటికి ముందే బంతి వదలాలి.

2011: లెక్కలు ఒకవైపు, గెలుపులు ఒకవైపు

ఇక్కడితో కథ అయిపోతే పాఠం సులువు. కానీ 2011 వచ్చింది.

డెన్వర్ మొదటి ఐదు మ్యాచ్‌ల్లో నాలుగు ఓడాక టీబోని దించారు. అక్టోబర్ 23న మయామీలో మొదటి మ్యాచ్. ఆట మరో మూడు నిమిషాల్లో ముగుస్తుందనగా 0-15తో వెనకబడి ఉన్నారు. అప్పటిదాకా టీబో ఆట చూడలేకపోయారు. ఆ చివరి నిమిషాల్లో రెండు టచ్‌డౌన్లు చేసి స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో 18-15తో గెలిచారు.

తర్వాత కోచ్‌లు ఒక తెలివైన పని చేశారు. సీజన్ మధ్యలోనే సిస్టమ్ మార్చి రీడ్ ఆప్షన్ తీసుకొచ్చారు. వరసగా ఆరు మ్యాచ్‌లు గెలిచారు. కాన్సాస్ సిటీ మీద టీబో మొత్తం మ్యాచ్‌లో 8 బంతులు విసిరితే 2 మాత్రమే చేరాయి. అయినా 17-10తో గెలిచారు. ఆ ఏడు పరుగుతో గజాలు సాధించడంలో లీగ్ మొత్తమ్మీద డెన్వర్‌దే మొదటి స్థానం. మైదానంలో అతను మోకాలిమీద కూర్చుని ప్రార్థన చేసే భంగిమని దేశమంతా అనుకరించింది, దానికి 'టీబోయింగ్' అని పేరు కూడా పుట్టింది.

2012 జనవరి 8న ప్లేఆఫ్‌లో పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో మ్యాచ్. స్కోరు 23-23. అదనపు సమయం మొదటి ప్రయత్నంలోనే టీబో విసిరిన బంతిని డెమేరియస్ థామస్ అందుకుని పరిగెత్తాడు. 80 గజాలు, 11 సెకన్లు, మ్యాచ్ ముగిసింది. ఆ రాత్రి వీడియో నేను ఎన్నిసార్లు చూశానో చెప్పను.

కానీ ఇంజనీరింగ్ స్టూడెంట్స్‌గా మనం అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ గెలుపులకి కారణం ఎవరు? ఆ సీజన్‌లో టీబో విసిరిన 271 బంతుల్లో చేరినవి 126. అంటే 46.5 శాతం. అప్పటి లీగ్ సగటు 60 శాతం దగ్గర ఉండేది. కాలేజీలో మూడింట రెండు చేరేవని గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఇక్కడ సగం కూడా చేరలేదు. అదే జట్టులో వాన్ మిల్లర్ అనే కొత్త కుర్రాడు డిఫెన్స్‌లో చెలరేగి, ఆ ఏడాది ఉత్తమ కొత్త డిఫెండర్‌గా నిలిచాడు. షికాగో మీద కిక్కర్ మ్యాట్ ప్రేటర్ 59 గజాల నుంచి కొట్టి సమం చేశాడు, 51 గజాల నుంచి కొట్టి గెలిపించాడు. ఒక అవుట్‌పుట్‌కి పది ఇన్‌పుట్లు ఉన్నప్పుడు కంటికి కనిపించేదానికే మార్కులన్నీ వేసేస్తాం. మన గ్రూప్ ప్రాజెక్టుల్లో జరిగేదీ అదే కదా!

అలాగని అతని పాత్రని కొట్టిపారేయడమూ అన్యాయమే. క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తగలడన్న భయం లేకపోతే ఆ పరుగు ఆట నడిచేదే కాదు. బంతిని ఎదుటివాళ్లకి పోగొట్టడమూ తక్కువే.

వారం తర్వాత న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 45-10తో చితక్కొట్టారు. టీబో విసిరిన 26లో చేరినవి 9.

తీసుకున్న మేనేజర్ వెళ్లిపోయాడు

టీబోని ఏరికోరి తెచ్చింది అప్పటి కోచ్ జాష్ మెక్‌డేనియల్స్. టీబో మొదటి సీజన్ పూర్తవ్వకముందే, 2010 డిసెంబర్‌లో, ఆయన్నే తీసేశారు. తర్వాత జట్టు బాధ్యత తీసుకున్న జాన్ ఎల్వే స్వయంగా డెన్వర్ చరిత్రలోనే గొప్ప క్వార్టర్‌బ్యాక్. ఆయన దృష్టిలో క్వార్టర్‌బ్యాక్ అంటే ముందు బంతి విసరగలగాలి. 2012 మార్చిలో పేటన్ మ్యానింగ్ దొరకగానే ఒప్పందం చేసుకుని, కొద్ది రోజుల్లోనే టీబోని న్యూయార్క్ జెట్స్‌కి ఇచ్చేశారు.

ఇది ద్రోహంలా అనిపిస్తుంది. కానీ తర్వాతి సీజన్‌లో డెన్వర్ 16 మ్యాచ్‌ల్లో 13 గెలిచింది. 2016 ఫిబ్రవరిలో మ్యానింగ్‌తోనే సూపర్ బౌల్ గెలిచింది. ఎల్వే నిర్ణయం తప్పని ఎలా అనగలం?

జెట్స్‌లో ఏడాదంతా టీబో చేత విసిరించిన బంతులు 8. 2013లో తీసేశారు. అదే ఏడు పేట్రియట్స్, 2015లో ఫిలడెల్ఫియా ఈగల్స్ శిక్షణకి పిలిచి, సీజన్ మొదలయ్యేలోపే వద్దన్నాయి.

సిస్టమ్ అతనికోసం మార్చి ఉంటే?

ఇది అభిమానుల వాదన. దీనికి బలం లేకపోలేదు. 2012లోనే రాబర్ట్ గ్రిఫిన్, రస్సెల్ విల్సన్, కాలిన్ కేపర్నిక్ రీడ్ ఆప్షన్‌తో లీగ్‌ని ఊపేశారు. 2016 హైస్‌మన్ విజేత లమార్ జాక్సన్‌ని క్వార్టర్‌బ్యాక్ వద్దు, వేరే స్థానంలో ఆడమని కొందరు సలహా ఇచ్చారు. బాల్టిమోర్ రేవెన్స్ మాత్రం అతని చుట్టూనే ఆటంతా కట్టింది. 2019లో అతను లీగ్ ఉత్తమ ఆటగాడయ్యాడు, ఓట్లన్నీ అతనికే.

అయితే అదే సీజన్‌లో జాక్సన్ విసిరినవాటిలో 66 శాతం చేరాయి. సిస్టమ్ అతనికి తలుపు తీసింది, లోపల నిలబెట్టింది ఆ చెయ్యి. టీబోకి 2011లో డెన్వర్ తలుపు తీసిన మాట నిజం. నాకు అర్థమైనంతవరకు, కాలేజీ సిస్టమ్ అతని బలాన్ని ఎంత బాగా వాడుకుందంటే, అతని లోపం నాలుగేళ్లపాటు ఎవరికీ అడ్డం రాలేదు. అడ్డం రాని లోపాన్ని ఎవరు మాత్రం సరిచేసుకుంటారు?

ఇంకో మెలిక. టైట్ ఎండ్ అనే స్థానం ఉంది, అడ్డుకోవడం, బంతి అందుకోవడం దాని పని. అతని ఒడ్డూ పొడుగూ దానికి సరిపోతాయని, మారమని మొదట్నుంచీ చాలామంది చెప్పారు. అతను ఒప్పుకోలేదు, నేను క్వార్టర్‌బ్యాక్‌నే అన్నాడు. మధ్యలో బేస్‌బాల్‌కి వెళ్లి కొన్నేళ్లు చిన్న లీగుల్లో ఆడాడు. చివరికి 2021లో, 34వ ఏట అడుగుపెడుతూ, అదే అర్బన్ మేయర్ కోచ్‌గా ఉన్న జాక్సన్‌విల్ జాగ్వార్స్‌లో టైట్ ఎండ్‌గా ప్రయత్నించాడు. ఒక్క సన్నాహక మ్యాచ్ తర్వాత తీసేశారు.

మొండితనమే తప్పని తేల్చేద్దామా? 2010లోనే మారి ఉంటే పదేళ్లు ఆడేవాడేమో. కానీ పిట్స్‌బర్గ్ మీద ఆ 80 గజాల రాత్రి ఉండేది కాదు. ఈ రెండిట్లో ఏది ఎక్కువో నేను తూచలేకపోతున్నా.

ఇక నా స్వార్థం

నాది 9.1 సీజీపీఏ. పాత ప్రశ్నపత్రాలు పదేళ్లవి తిరగేసి, ఏ యూనిట్ నుంచి ఏది వస్తుందో చెప్పగలను. మన క్యాంపస్ కోడింగ్ పోటీల్లో రెండుసార్లు మొదటి బహుమతి నాదే. వేసవిలో ఒక కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి వెళ్లా. ఎప్పుడో ఎవరో రాసిన వేల లైన్ల కోడ్ చేతిలో పెట్టి, ఎక్కడో నెమ్మదిగా ఉంది చూడమన్నారు. అక్కడ ప్రశ్నే లేదు. ప్రశ్నని వెతుక్కోవడమే పని. రెండు నెలలు కిందా మీదా పడ్డాను. ఒకళ్లు రాసిన కోడ్ చదవడం నాకు రాదని నాకే తెలియదు, ఎందుకంటే నాలుగేళ్లలో ఎవరూ చదవమని అడగలేదు.

పోయిన వారం మెయిల్ వచ్చింది. డెవలపర్‌గా తీసుకోలేం, టెస్టింగ్ టీమ్‌లో అయితే ఆఫర్ ఇస్తాం, 15వ తేదీలోపు చెప్పమన్నారు. నేను డెవలపర్‌నే, వేరే పని చెయ్యను అని జవాబు టైప్ చేసి కూడా ఉంచా. అన్న ఫొటో పంపింది ఆ మర్నాడే.

ఆ డ్రాఫ్ట్ డిలీట్ చేశాను. టీబో కథ నాకు జవాబు చెప్పలేదు, అతని కథ అతనిది. కానీ నా చేతి వలయం ఎక్కడుందో చూపించింది. టెస్టింగ్‌లో ఉంటే రోజూ ఇంకొకళ్ల కోడ్ చదవక తప్పదు. అందుకే సరే అని రాస్తున్నా. రెండేళ్ల తర్వాత డెవలపర్ పోస్టుకి మళ్లీ అప్లై చేస్తా.

మీకోసం రెండు ప్రశ్నలు వదులుతున్నా, వచ్చే క్లబ్ మీటింగ్‌లో మాట్లాడుకుందాం. మన కాలేజీ మన ఏ బలాన్ని బాగా వాడుకుంటోంది? దాని వెనక ఏ లోపం హాయిగా దాక్కుని ఉంది?

నాన్నకి మాత్రం టెస్టింగ్ సంగతి ఇంకా చెప్పలేదు. ఆదివారం ఫోన్ చేసినప్పుడు చెప్పాలి.